ఒకే అట్ట మీద పది మొక్కలు



కోతల పండుగ ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లిన తరువాత, మా సంఘంలోని ఒక రైతు సోదరుడు చంకలో పెద్ద కాగితాల కట్ట పెట్టుకొని మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ముఖం చిన్నబోయి ఉంది. కట్ట మా ముందు పెట్టి ఇలా అన్నారు:

"అయ్యగారండీ, మావాణ్ణి బి.యస్సీ. చదవమని పట్నం పంపితే, సెలవులకొచ్చి పాత పేపర్ల మధ్య గడ్డీ గాదం ఎండబెడుతున్నాడు. పోనీ అదేదో చదువంట, ఊరుకున్నాను. మొన్న కుటుంబ ప్రార్థన అయ్యాక వాళ్ల చెల్లెలికి చెబుతున్నాడండీ, ఈ మొక్కలన్నీ మొదటినుంచీ ఇలాగే లేవు, కాలం గడిచేకొద్దీ మారుతూ వచ్చాయి, ఒక జాతిలోంచి ఇంకో జాతి వచ్చింది అని. నేను కేకలేశాను. రెండు ఆదివారాలై వాడు గుడికి రావడం లేదు. చదువు మానిపించి పొలంలో పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?"

మేము కట్ట విప్పి చూచాము. తుమ్మి, నేల ఉసిరి, గడ్డిచామంతి, పల్లేరు. ఒక్కొక్కటి వేరుతో సహా తీసి, ఆకు మడత పడకుండా పరచి, తెల్ల కాగితానికి దారంతో కుట్టి ఉన్నాయి. కింద నీలి సిరాతో పేరు, చోటు, తేదీ. ఒకదాని కింద "చెరువు గట్టు, తూము పక్కన" అని ఉంది. ఆ అబ్బాయి చేతివ్రాత మాకు తెలుసు. సండే స్కూలులో మేమే దిద్దించాము.

ఆ సోదరునికి వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఈ విషయంలో మాకు ఒక పాత బాకీ ఉన్నది. చాలా ఏళ్ల క్రిందట ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి ఆరాధన తరువాత ఇదే సంగతి మమ్మల్ని అడిగింది. "అలాంటివి అడగకూడదమ్మా" అని మేము ఆమె నోరు మూయించాము. ఆమె మరి ఆ ప్రశ్న అడగలేదు. తరువాత మమ్మల్ని ఏ ప్రశ్నా అడగలేదు. కొన్నాళ్లకు గుడికి రావడమూ మానింది. ఆనాడు మేము విశ్వాసాన్ని కాపాడామనుకున్నాము. ఇప్పుడు తలచుకుంటే మేము కాపాడింది మా పరువును మాత్రమే.

అందుచేత ఆ దినం ఆ సోదరునికి సలహాకు బదులు ఒక కథ చెప్పాము. అదే ఇప్పుడు మీకూ చెప్పబోతున్నాము. ఇది ఇంగ్లాండులో జీవించిన ఒక వృక్షశాస్త్ర ఆచార్యుని కథ. ఆయన ఒక పల్లెటూరి సంఘ కాపరి కూడా.

ఆచార్యుడు, కాపరి

ఆయన పేరు జాన్ స్టీవెన్స్ హెన్‌స్లో. 1796లో రోచెస్టర్ పట్టణంలో పుట్టారు. చిన్నతనంలో ఆఫ్రికా యాత్రల పుస్తకం చదివి, పెద్దయ్యాక తానూ ఆ ఖండంలో తిరగాలని కలలు కన్నారు. ఆ కల నెరవేరలేదు. కేంబ్రిడ్జిలో చదువుకొని, 1824లో గురుత్వ అభిషేకం పొంది, 1825లో అదే విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడయ్యారు. చనిపోయేవరకు, అంటే 36 ఏళ్లు, ఆ పదవిలోనే ఉన్నారు.

ఆయన బాధ్యత తీసుకొనేనాటికి అక్కడ వృక్షశాస్త్ర పాఠాలు చెప్పి దాదాపు ముప్పై ఏళ్లయింది. ఎండిన మొక్కల సేకరణ ఆదరణ లేక పాడై ఉంది. తోట చిన్నది, ఊరి నడుమ ఇరుక్కొని ఉంది. హెన్‌స్లో గారు పాఠాలు మళ్లీ మొదలుపెట్టారు. విద్యార్థుల ముందు చెక్క పళ్లాలలో మొక్కలు పెట్టి, విప్పి చూడమనేవారు. నడకకు తీసుకెళ్లేవారు. పడవలలో నది వెంట పోయి, బురద నేలల్లో దిగి, మొక్క ఎక్కడ పెరిగిందో అక్కడే చూపేవారు. కొత్త తోట కోసం విశ్వవిద్యాలయం 1831లో 40 ఎకరాల నేల కొన్నది. ఆ తోట 1846లో తెరిచారు. నేటికీ ఉన్నది.

ఎండిన మొక్కల భాండాగారం

హెర్బేరియం అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మొక్కను వేరు, కాండం, ఆకు, పువ్వు, వీలైతే కాయతో సహా తీసి, కాగితాల మధ్య పరచి, పైన బరువు పెడతారు. రోజూ తడి కాగితం తీసి పొడి కాగితం మారుస్తారు. బాగా ఎండిన తరువాత దళసరి అట్టకు అతికించో కుట్టో, ఒక మూల చీటీ అంటిస్తారు. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, తీసినవారి పేరు అందులో ఉండాలి. ఇట్టి అట్టలను తేమా పురుగూ చేరకుండా బీరువాలలో వరుసగా భద్రపరచే స్థలమే హెర్బేరియం. చీటీ లేని మొక్క ఎంత అందంగా ఎండినా శాస్త్రానికి పనికిరాదు.

అప్పటి పండితులు ఒక జాతికి ఒక మంచి నమూనా ఉంటే చాలుననుకొనేవారు. హెన్‌స్లో గారు అలా చేయలేదు. ఒకే జాతి మొక్కలను వేర్వేరు చోట్ల నుండి, వేర్వేరు మనుషుల చేత తెప్పించి, ఒకే అట్ట మీద పక్కపక్కన పెట్టేవారు. పొట్టిది మొదలు పొడుగుది వరకు వరుసగా అమర్చేవారు. ఒకదాని ఆకు సన్నం, ఒకదాని ఆకు వెడల్పు. ఒకటి జానెడు, ఒకటి మూరెడు. 1821 నుండి ఆయన కూర్చిన బ్రిటిషు మొక్కల సేకరణలో 3,654 అట్టలు, వాటి మీద పదివేలకు పైగా మొక్కలు ఉన్నాయని ఈ మధ్యకాలంలో లెక్క తేల్చారు. 2005లో పరిశోధకులు ఈ అట్టల మీద ఒక వ్యాసం ప్రకటించేవరకు వీటి విలువ లోకానికి అంతగా తెలియదు.

ఆయన ఎందుకిలా చేశారు? జాతులను దేవుడు సృజించాడు, అవి స్థిరమైనవి అని ఆయన నమ్మిక. అయితే ఒకే జాతిలో ఇంత తేడా కనబడుతున్నది గదా, ఆ తేడాకు హద్దు ఎక్కడ? ఎంతవరకు ఒకే జాతి, ఎక్కడినుండి వేరే జాతి? దీనిని వాదించి తేల్చలేము, చూచి తేల్చాలి అని ఆయన అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాము. ఇంగ్లాండు పొలాలలో ప్రిమ్‌రోజ్, కౌస్లిప్ అని రెండు పసుపు పూల మొక్కలున్నాయి. హెన్‌స్లో గారు విత్తనాలు నాటి, మొలిచినవాటిని పోల్చి, ఈ రెండూ ఒకే జాతి అని 1830లో వ్రాశారు. తరువాతివారు పరిశీలించగా, అవి వేర్వేరు జాతులే, కాని ఒకదానితో ఒకటి సంకరమవుతాయని తేలింది. ఆయన అభిప్రాయం తప్పింది. అయినా ఆయన అట్టల మీది మొక్కలు అలాగే ఉన్నాయి. తనకు అనుకూలమైనవి ఉంచి, కానివి పారవేసే మనిషి కాదు గనుక, వాటిని నేటికీ నమ్మి చూడవచ్చు.

నవ్వని గురువు

1828లో కేంబ్రిడ్జికి ఒక యువకుడు వచ్చాడు. వైద్యం చదువు మధ్యలో మానేశాడు. సంఘ కాపరి కావడానికి చదవమని తండ్రి పంపాడు. చదువు మీదకంటే పురుగులు పట్టడం మీద మనసు ఎక్కువ. అతని పేరు చార్లెస్ డార్విన్.

హెన్‌స్లో గారు వారానికొక సాయంకాలం తమ ఇంటి తలుపులు విద్యార్థులకు తెరచి ఉంచేవారు. డార్విన్ అక్కడ చేరాడు. తరువాత దాదాపు ప్రతిదినం ఆయన వెంట నడిచేవాడు. హెన్‌స్లోతో నడిచే మనిషి అనే పేరే అతనికి వచ్చింది.

ఒకనాడు డార్విన్ తడి ఉపరితలం మీద పుప్పొడి రేణువులను పరీక్షించి, వాటిలోనుంచి సన్నని గొట్టాలు వెలువడడం చూచాడు. తానేదో కొత్త సంగతి కనుగొన్నాననుకొని గురువు దగ్గరకు పరుగెత్తాడు. నిజానికి అది అప్పటికే అందరికీ తెలిసినదే. వేరొకరైతే నవ్వేవారు. హెన్‌స్లో గారు నవ్వలేదు. ఎంత ఆసక్తికరమైన సంగతి అని ఒప్పుకొని, దాని భావం వివరించి, ఇది ముందే తెలిసినదని మెల్లగా అర్థమయ్యేలా చెప్పారు. డార్విన్ ముసలితనంలో స్వీయచరిత్ర వ్రాసేటప్పుడు కూడా ఈ సంగతి మరచిపోలేదు. తాను చిన్నబుచ్చుకోకుండా, ఉత్సాహంగా తిరిగి వెళ్లానని జ్ఞాపకం చేసుకున్నాడు. పాఠకులారా, మేము నోరు మూయించిన ఆ అమ్మాయి ఇక్కడ మాకు గుర్తుకు వస్తుంది.

1831లో బీగిల్ అనే ఓడ లోకం చుట్టి రావడానికి సిద్ధమైంది. ప్రకృతి శాస్త్రం తెలిసినవాడు ఒకడు కావలెనని కబురు వచ్చింది. హెన్‌స్లో గారికి తామే వెళ్లాలని ఆశ కలిగింది. చిన్ననాటి కల గదా! కాని భార్య ముఖం దిగులుతో వాడిపోవడం చూచి ఆ ఆశ విడిచారు. డార్విన్ పేరు సూచిస్తూ ఉత్తరం వ్రాశారు.

ఆ డిసెంబరులో ఓడ బయలుదేరి 1836 అక్టోబరులో తిరిగి వచ్చింది. ఆ ఐదేళ్లూ డార్విన్ పంపిన పెట్టెలన్నీ చేరింది హెన్‌స్లో గారి దగ్గరకే. విప్పి, బూజు దులిపి, ఎండబెట్టి, జాగ్రత్త చేసి, ఉత్తరాలు వ్రాసేవారు. తుంపులు పంపవద్దు, వేరూ ఆకూ పువ్వూ అన్నీ ఉండేలా పంపు అని మందలించేవారు. శిష్యుని ఉత్తరాలలోని ముఖ్య భాగాలను కేంబ్రిడ్జి పండితుల సభలో చదివి, అచ్చు వేయించారు. ఓడ దిగకముందే డార్విన్‌కు పేరు వచ్చింది.

చీటీ సత్యం పలికింది

1835లో ఓడ గాలపాగస్ దీవులకు చేరింది. అక్కడి చిన్న పిట్టల గురించి మన పిల్లల పుస్తకాలలో ఉంటుంది. అయితే ఏ పిట్ట ఏ దీవిలో దొరికిందో డార్విన్ సరిగా గుర్తు పెట్టలేదు. మొక్కల విషయంలో మాత్రం ఏ దీవి మొక్కకు ఆ దీవి పేరే వ్రాశాడు. హెన్‌స్లో గారి దగ్గర నేర్చిన అలవాటు అది.

సంఘ పరిచర్యలో మునిగిపోయిన హెన్‌స్లో గారికి ఆ మొక్కలను పరిశీలించి ముగించడానికి తీరిక దొరకలేదు. 1840లలో వాటిని జోసెఫ్ హుకర్ అనే యువ శాస్త్రవేత్త చేతికిచ్చారు. హుకర్ చూచి చెప్పిన ఫలితాలను డార్విన్ 1845లో తన యాత్రా గ్రంథంలో చేర్చాడు. అప్పటికి ఆ దీవులలో తెలిసిన 185 పూమొక్కల జాతులలో 100 కొత్తవి. మరెక్కడా లేనివి కావచ్చునని తోచింది. జేమ్స్ దీవి నుండి తెచ్చిన, లోకంలో మరెక్కడా లేని 38 మొక్కలలో 30 ఆ ఒక్క దీవిలోనే ఉన్నాయి. పక్క దీవిలో వాటికి దగ్గరి చుట్టాలున్నాయి గాని అవి లేవు. దూరంగా విడిపోయినచోట మొక్కలు తరతరాలుగా వేరుపడుతూ వచ్చాయా అనే ప్రశ్నకు ఇది గట్టి ఆధారమైంది. 1859లో డార్విన్ తన పరిణామ సిద్ధాంతాన్ని గ్రంథంగా ప్రకటించాడు. ఆ తరువాత శాస్త్రం ఆ దారిలోనే నడిచింది. ఈనాటి వృక్షశాస్త్రజ్ఞులు ఏ మొక్క ఏ మొక్కకు చుట్టమో డి.ఎన్.ఏ. చూచి తేలుస్తున్నారు.

హుకర్ 1851లో హెన్‌స్లో గారి కుమార్తె ఫ్రాన్సెస్‌ను వివాహం చేసుకున్నాడు. మన దేశపు మొక్కలన్నిటినీ వర్ణిస్తూ 1872 నుండి 1897 వరకు ఏడు సంపుటాల మహా గ్రంథం వెలువరించింది ఈ అల్లుడే. మన చేలగట్ల మీది కలుపు మొక్క పేరు తేల్చడానికి కూడా పండితులు చాలాకాలం ఆ సంపుటాలు తిరగేశారు.

హిచమ్ పల్లెలో

1837లో హెన్‌స్లో గారికి సఫొక్ జిల్లాలోని హిచమ్ గ్రామ సంఘం అప్పగించబడింది. 1839లో కుటుంబంతో అక్కడే స్థిరపడ్డారు. పాఠాలు చెప్పడానికి మాత్రం ఏటా కేంబ్రిడ్జికి వెళ్లేవారు. హిచమ్ కూలీల ఊరు. దరిద్రం, చదువులేమి. గుడికి వచ్చేవారు తక్కువ.

ఆయన బడి పెట్టారు. సోమవారం మధ్యాహ్నాలు ఇష్టమున్న పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేవారు. కూలీల పిల్లలు పొలాలలో మొక్కలు ఏరి తెచ్చి, రేకులెన్ని, కేసరాలెన్ని అని లెక్కించి పట్టికలో వ్రాసేవారు. కష్టమైన శాస్త్ర పదాలకు స్పెల్లింగు తప్పులేకుండా వ్రాస్తేనే పై తరగతి. అదే ఆచార్యుడు రాజభవనానికి పిలువబడి విక్టోరియా రాణి పిల్లలకు కూడా పాఠం చెప్పారు. ఆయన విడిచిపోయిన వ్రాతప్రతుల ఆధారంతో డేనియల్ ఆలివర్ అనే ఆచార్యుడు 1864లో పాఠ్యపుస్తకం తెచ్చాడు. 1869లో మన దేశపు విద్యార్థుల కోసం కూడా వృక్షశాస్త్రానికి ఒక మొదటి పుస్తకం వ్రాశాడు.

రైతు కుటుంబాలవారు ఇంకొక సంగతి వినాలి. 1843 ప్రాంతంలో హెన్‌స్లో గారు సముద్రపు ఒడ్డున ఫెలిక్స్‌టో వద్ద కొన్ని గట్టి ఉండలు చూచి, వాటిలో ఫాస్ఫేటు ఉన్నదని గ్రహించి, పొలాలకు ఎరువుగా పనికివస్తాయని చెప్పారు. వాటిని తవ్వి సూపర్ ఫాస్ఫేటు చేసే పెద్ద పరిశ్రమ లేచింది. ఇతరులు ధనవంతులయ్యారు. ఆయన మాత్రం ఆ సంగతి అందరికీ ఊరికే చెప్పివేశారు. 1845లో బంగాళాదుంపకు తెగులు వచ్చి పంట కుళ్లినప్పుడు, చెడిన దుంపలలోనుంచి కూడా పిండి తీసుకొనే విధానం ఊరివారికి నేర్పారు. కూలీలకు చిన్న చిన్న తోట మళ్లు ఇప్పించారు. ఊరి పెద్ద రైతులు ఎదురు తిరిగినా వెనుదీయలేదు. 1854లో దాదాపు మూడు వందల మంది గ్రామస్థులను కేంబ్రిడ్జి చూపించడానికి తీసుకెళ్లారు.

శిష్యుడు దాటిపోయినప్పుడు

ఇప్పుడు మా సోదరుని ప్రశ్నకు దగ్గరగా వచ్చాము. డార్విన్ గ్రంథం అచ్చయినప్పుడు హెన్‌స్లో గారికి 63 ఏళ్లు. ఆయన దానిని పూర్తిగా ఒప్పుకోలేదు. శిష్యుడు ఆధారాలను మించి చాలా దూరం పోయాడని ఆయన అభిప్రాయం. అది ఆయన దాచలేదు.

అయితే 1860 మే నెలలో కేంబ్రిడ్జి సభలో ఆయన పాత మిత్రుడు, డార్విన్‌కు భూగర్భశాస్త్రం నేర్పిన ఆచార్యుడు సెడ్జ్‌విక్, ఆ గ్రంథాన్ని తీవ్రంగా ఖండించాడు. హెన్‌స్లో గారు లేచి, డార్విన్ సత్యాన్ని నిజాయితీగా వెదకేవాడని సాక్ష్యమిచ్చారు. అదే సంవత్సరం జూన్ 30న ఆక్స్‌ఫర్డులో జరిగిన పేరుమోసిన సభలో బిషప్ విల్బర్‌ఫోర్స్ ఒకవైపు, హక్స్‌లీ, హుకర్ మరొకవైపు నిలిచి వాదించుకొన్నప్పుడు, అధ్యక్ష స్థానంలో కూర్చున్నది హెన్‌స్లో గారే. ఒకవైపు బిషప్పు, ఇంకొకవైపు తన అల్లుడు, నడుమ తన శిష్యుని గ్రంథం. ఇరువైపులవారికీ మాట్లాడే అవకాశం ఇచ్చారు.

మరుసటి ఏడు, 1861 మే 16న, ఆయన హిచమ్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆ గుడి ఆవరణలోనే సమాధి చేశారు. అంత మంచి మనిషి ఈ భూమి మీద నడవలేదని నమ్ముతున్నానని డార్విన్ హుకర్‌కు వ్రాశాడు.

ఆయన బ్రతుకంతా సేకరించిన అట్టలు కేంబ్రిడ్జిలో ఉన్నాయి. డార్విన్ గాలపాగస్ నుండి తెచ్చిన మొక్కలూ ఆ హెర్బేరియంలోనే ఉన్నాయి. ఇట్టి పాత అట్టల అవసరం నేటికీ తీరలేదు. ఆనాటి బంగాళాదుంప తెగులునే తీసికోండి. వేరే హెర్బేరియంలలో దాచిన 1840ల నాటి తెగులు ఆకులలోనుంచి డి.ఎన్.ఏ. తీసి, ఆ వినాశనం చేసిన రకమేదో 2013లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ ఆకు ఎండబెట్టినవాడు డి.ఎన్.ఏ. అనే మాట ఎరుగడు. చోటూ తేదీ వ్రాసి ఉంచాడు, అంతే.

అరుగు మీద

కథ విని మా సోదరుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగారు: "ఆ ప్రొఫెసరు గారు చివరికి శిష్యుడి మాట ఒప్పుకొన్నారాండీ?"

"పూర్తిగా ఒప్పుకోలేదు" అన్నాము.

"మరి శిష్యుణ్ణి ఇంటికి రానిచ్చేవారా?"

"చివరిదాకా."

ఆయన మెల్లగా కట్ట సర్దుకొన్నారు. మబ్బు పట్టి ఉంది. "తడిస్తే పాడైపోతాయేమో, ఏదైనా కవరుంటే ఇప్పించండి" అని అడిగారు. మా ఇంట్లో ఉన్న యూరియా బస్తా లోపలి కవరు ఇచ్చాము. దానిలో చుట్టి, చంకలో పెట్టుకొని వెళ్లారు. చదువు మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు. తరువాతి ఆదివారం అబ్బాయి గుడికి రాలేదు గాని, సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చీకటి పడేదాకా మాట్లాడుకొన్నాము. అన్నిటిలో ఏకీభవించలేదు. అతడు మళ్లీ వస్తానన్నాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా! సర్వమును సృజించినవాడు దేవుడని మనం విశ్వసిస్తాము. ఆ పనితనం ఎట్టిదో దగ్గరకు వెళ్లి చూచేవానికి మనం భయపడనక్కర లేదు. సొలొమోను రాజు దేవదారు మొదలు గోడ మీది హిస్సోపు వరకు చెట్ల సంగతి మాట్లాడేవాడని లేఖనం చెబుతున్నది. అడవి పువ్వులను గమనించమని ప్రభువే చెప్పారు. మీ పిల్లలు పట్నంనుండి మీకు తెలియని మాట తెచ్చినప్పుడు కేకలు వేయకండి. కూర్చోబెట్టి వినండి. తెలియనిది తెలియదని చెప్పండి. ఒప్పుకోనిది ఒప్పుకోనని చెప్పండి. తలుపు మాత్రం మూయకండి.

ఈ వేసవి బైబిలు తరగతులలో మా పిల్లల చేత తుమ్మి మొక్కలు పది, పది చోట్లనుండి తెప్పించి, ఒకే అట్ట మీద పెట్టించాలని మేము నిర్ణయించుకొన్నాము. మెట్ట చేనులోది, చెరువు కిందది, గుడి గోడ పక్కది. చోటు, తేదీ పిల్లలే వ్రాస్తారు. నేర్పడానికి ఆ అబ్బాయినే అడిగాము.

మేము నోరు మూయించిన ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో విచారిస్తున్నాము. దొరికితే క్షమాపణ అడిగి, ఆనాటి ప్రశ్న మళ్లీ అడగమని వేడుకొంటాము. మా కోసం ప్రార్థించండి.